రోజువారీ ఎలక్ట్రిక్ కారుతో డ్రాగ్ రేసింగ్: తొలి పరుగు నుంచి బ్రాకెట్ పోటీ దాకా

రోజూ పనులకు వాడుకునే ఎలక్ట్రిక్ కారును, అందులో ఒక్క మార్పూ చేయకుండానే, డ్రాగ్ స్ట్రిప్ మీద, అంటే కార్లు పక్కపక్కనే నిలిచి తిన్నగా పరుగు పోటీపడే ప్రత్యేక బాట మీద, పరుగెత్తించవచ్చు. పెడల్ నొక్కిన క్షణంలోనే టార్క్, అంటే తిప్పే బలం, చక్రాలకు అందుతుంది, గేర్లు మార్చే పని ఉండదు; అందుచేత కొత్తవారికి కూడా తొలి పరుగులోనే చెప్పుకోదగిన సమయం వస్తుంది. అదే సమయాన్ని రెండో పరుగులోనూ ఐదో పరుగులోనూ మళ్లీ రాబట్టడమే కష్టం. ఔత్సాహికుల పోటీల్లో గెలుపోటములను చాలావరకు ఈ నిలకడే తేలుస్తుంది. అందుకని, కారు వేగాన్ని ఇంకా పెంచడం గురించి ఆలోచించే ముందు, ప్రతి పరుగుకూ బ్యాటరీనీ టైర్లనూ వీలైనంత ఒకే స్థితిలో ప్రారంభ గీత దగ్గరికి తీసుకురావడం నేర్చుకోవాలని నా సలహా.

ఎలక్ట్రిక్ కార్ల డ్రాగ్ రేసింగ్ నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికాలో ఇందుకోసమే ఏర్పడిన నెడ్రా అనే సంఘం 1990ల చివరి నుంచి ఉంది. జాన్ వేలాండ్ అనే ఔత్సాహికుడు 1972 నాటి చిన్న డాట్సన్ 1200 కారును ఎలక్ట్రిక్ బండిగా మార్చి, దానికి ‘వైట్ జాంబీ’ అని పేరు పెట్టి, రోడ్డు మీద తిరిగే అర్హత ఉన్న ఆ కారుతోనే 2010లో పావు మైలును 10.3 సెకన్ల లోపు పూర్తి చేశారు. అప్పట్లో ఆ అంకె వెనుక ఏళ్ల తరబడి సాగిన శ్రమ ఉంది. 2021లో వచ్చిన టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్‌కు కంపెనీ స్వయంగా ప్రకటించిన పావు మైలు సమయం 9.23 సెకన్లు. షోరూములో కొన్న కారే ఇంత వేగంగా పోతున్నప్పుడు, నడిపేవారి భద్రతా సన్నాహం కూడా దానికి తగినట్టు ఉండాలి.

స్ట్రిప్, నియమాలు, బీమా

డ్రాగ్ రేసుకు సంప్రదాయంగా వస్తున్న దూరం పావు మైలు, అంటే 1,320 అడుగులు, సుమారు 402 మీటర్లు. చాలా స్ట్రిప్‌లలో దీనిలో సగమైన 660 అడుగుల పోటీలు కూడా జరుగుతాయి. ఎలక్ట్రిక్ కార్లకు ఈ సగం దూరం బాగా నప్పుతుంది. ఒకే గేరు ఉన్న కారులో మోటారు టార్క్ తక్కువ వేగంలో నిండుగా ఉండి, వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంది కాబట్టి, కారు బలమంతా మొదటి సగంలోనే కనబడుతుంది.

ఖాళీగా ఉందనిపించినా సరే, ఊరి రోడ్డు మీద గాని హైవే మీద గాని ఈ ప్రయత్నం చేయకూడదు. స్ట్రిప్‌లో ఇరువైపులా గోడలు ఉంటాయి, గీత దాటాక ఆగడానికి పొడవైన బాట ఉంటుంది, అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్సు సిద్ధంగా ఉంటాయి. రోడ్డు మీద వీటిలో ఏదీ ఉండదు. పైగా ఎదురుగా ఎవరు వస్తారో తెలియదు. చాలా స్ట్రిప్‌లు ‘టెస్ట్ అండ్ ట్యూన్’ పేరుతో ఎవరైనా వచ్చి పరుగులు తీసుకునే రోజులను కేటాయిస్తాయి. మొదటిసారి అలాంటి రోజునే వెళ్లండి. గెలుపు ఓటముల ఒత్తిడి ఉండదు, సిబ్బంది కూడా ఓపికగా చెబుతారు.

నియమాలు స్ట్రిప్‌ను బట్టి, దేశాన్ని బట్టి మారుతాయి కనుక వెళ్లేముందే చదువుకోవాలి. 1951లో మొదలైన అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నియమాలను ఉదాహరణగా తీసుకుంటే, పావు మైలును 13.99 సెకన్లలో గాని అంతకంటే త్వరగా గాని పూర్తి చేసే కారు నడిపేవారికి హెల్మెట్ తప్పనిసరి. 11.49 సెకన్లు, అంతకంటే త్వరగా వెళ్లే కార్లకు రోల్ బార్ (కారు బోల్తా పడితే లోపలివారిని కాపాడే లోహపు చట్రం) కావాలి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న కొత్త తరం కార్లకు ఈ విషయంలో కొంత సడలింపు ఉంది. మీ కారు ఎంత సమయంలో వెళుతుందో ముందే అంచనా వేసుకుని, దానికి ఏ రక్షణలు అవసరమో స్ట్రిప్ వారిని అడగండి. నియమం అడిగినా అడగకపోయినా మంచి హెల్మెట్ కొనుక్కోవడమే మేలు.

బీమా పాలసీని కూడా ఒకసారి శ్రద్ధగా చదవండి. పోటీలు, వేగ పరీక్షలు జరిగేటప్పుడు కలిగిన నష్టానికి పరిహారం రాదని చాలా పాలసీల్లో స్పష్టంగా రాసి ఉంటుంది. వారంటీ పత్రంలోనూ అలాంటి మాటే ఉండవచ్చు. గోడకు తగిలితే ఆ ఖర్చు మొత్తం మీదేనని తెలిసి, దానికి సిద్ధపడ్డాకే గేటు లోపలికి వెళ్లాలి.

కారును సిద్ధం చేయడం

సీట్ల కింద, డిక్కీలో, బానెట్ కింది సామాన్ల పెట్టెలో ఉన్న వస్తువులన్నీ తీసేయండి. డ్రైవరు కాళ్ల దగ్గరి మ్యాట్ తప్పకుండా తీయాలి. అది జారి పెడల్ కింద ఇరుక్కుంటే ప్రమాదం. చక్రాల నట్లను టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన బిగువుకు సరిచూడండి. బ్రేకు ద్రవం, ప్యాడ్లు, సీటు బెల్టులు, టైర్ల అరుగుదల, 12 వోల్టుల చిన్న బ్యాటరీ కదలకుండా బిగించి ఉందా అన్నవి పరుగుకు ముందు స్ట్రిప్ వారు చేసే టెక్ తనిఖీలో ఎలాగూ చూస్తారు. తనిఖీ చేసే వ్యక్తికి కారు ఎలక్ట్రిక్ అని మొదటి మాటగానే చెప్పి, అత్యవసర సమయంలో హై వోల్టేజి సరఫరాను తెంచే చోటు ఎక్కడుందో చూపించండి. ఆ వివరం మీ కారు యజమాని పుస్తకంలో గాని, రక్షక సిబ్బంది కోసం కంపెనీ విడుదల చేసే పత్రంలో గాని దొరుకుతుంది.

బరువు తగ్గించడం గురించి చాలామంది అతిగా ఆలోచిస్తారు. రెండు టన్నుల కారు నుంచి 45 కిలోలు తీసేస్తే, 13 సెకన్ల పరుగులో మిగిలేది మహా అయితే సెకనులో పదో వంతు. వెనుక సీట్లు ఊడదీసే శ్రమ కంటే, అదే సమయం బ్యాటరీ మీద పెడితే ఎక్కువ ఫలితం ఉంటుంది.

టైర్ల విషయంలో తొందరపడవద్దు. ఎలక్ట్రిక్ కార్లు బరువైనవి, వాటి టైర్ల మీద భారం ఎక్కువ. డ్రాగ్ రేసర్లు గాలి బాగా తగ్గిస్తారని ఎక్కడో విని అలాగే చేస్తే టైరు పక్కగోడ వంగిపోయి, అత్యధిక వేగంలో కారు ఊగుతుంది. మొదటి పరుగులు కంపెనీ చెప్పిన గాలితోనే తీయండి. ఆ తర్వాత కావాలంటే, బలం అందే చక్రాలకు మాత్రమే గాలి ఒత్తిడిని ఒక్కో పీఎస్ఐ చొప్పున తగ్గించి, పరుగు తర్వాత ఇచ్చే సమయాల కాగితం, అంటే టైమ్ స్లిప్‌లో, మొదటి 60 అడుగుల సమయం మెరుగుపడిందో లేదో చూడండి. మెరుగుపడకపోతే వెనక్కి వచ్చేయండి.

బ్యాటరీ: చార్జి, వేడి

ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే. చార్జి తగ్గేకొద్దీ బ్యాటరీ వోల్టేజి తగ్గుతుంది, వోల్టేజి తగ్గితే అదే శక్తిని ఇవ్వడానికి ఎక్కువ కరెంటు కావాలి, కరెంటుకు మాత్రం ఒక పరిమితి ఉంటుంది. అందుకే 90 శాతం చార్జి దగ్గర కారు ఇచ్చే గరిష్ఠ శక్తిని 40 శాతం దగ్గర ఇవ్వలేదు. శక్తిలో పదో వంతు తగ్గితే 13 సెకన్ల కారు సమయం, ఉజ్జాయింపుగా, నాలుగు పదో వంతుల సెకను దాకా పెరుగుతుంది. నడపడంలో ఎంత నేర్పు చూపించినా ఆ తేడాను పూడ్చడం కష్టం.

వేడి కూడా అంతే ముఖ్యం. చల్లని బ్యాటరీలో అంతర్గత నిరోధం ఎక్కువగా ఉండి, పెద్ద కరెంటు తీసినప్పుడు వోల్టేజి బాగా పడిపోతుంది. కారు కంప్యూటరు ముందుజాగ్రత్తగా శక్తిని తగ్గించేస్తుంది. మరీ వేడెక్కినా బ్యాటరీని, దాని కరెంటును మోటారుకు తగినట్టు మార్చే ఇన్వర్టరును, మోటారును కాపాడడానికి అదే పని చేస్తుంది. కొన్ని కార్లలో స్ట్రిప్ కోసమే ప్రత్యేకమైన మోడ్ ఉండి, బ్యాటరీని తగిన వేడికి తెస్తూ మోటార్లను చల్లబరుస్తుంది. దానికి సమయం పడుతుంది కాబట్టి వరుసలో నిలబడకముందే దాన్ని మొదలుపెట్టాలి. అలాంటి సదుపాయం లేని కారైతే, స్ట్రిప్‌కు వచ్చే దారిలో కాసేపు ఫాస్ట్ చార్జర్ దగ్గర ఆగడం మంచి ఉపాయం: చార్జి నిండుతుంది, బ్యాటరీ కూడా వేడెక్కుతుంది.

ఒక పరుగుకు ఖర్చయ్యే విద్యుత్తు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. రెండు టన్నుల కారు నిలిచిన స్థితి నుంచి గంటకు 180 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి కావలసిన గతిశక్తి దాదాపు 0.7 యూనిట్ మాత్రమే. నష్టాలన్నీ కలుపుకున్నా ఒక పరుగుకు యూనిట్, కొంచెం అటూ ఇటూ. 75 యూనిట్ల బ్యాటరీలో అది ఒకటిన్నర శాతం చుట్టూ ఉంటుంది. కాబట్టి చార్జిని నిజంగా తినేది పరుగు కాదు. పరుగుల మధ్య గంటల తరబడి నడిచే ఏసీ, పంపులు, బ్యాటరీ వేడి చేసే ఏర్పాటు, ఇంటి నుంచి స్ట్రిప్‌కు చేసిన ప్రయాణం. చాలా స్ట్రిప్‌లలో చార్జింగ్ సదుపాయం ఉండదు. తిరుగు ప్రయాణానికి ఎంత కావాలో ముందే లెక్క వేసుకుని, దానికి పైన ఉన్నదే పరుగులకు వాడుకోవాలి.

మొదటి పరుగుకు 85 నుంచి 95 శాతం మధ్య చార్జి ఉంటే బాగుంటుంది. నూటికి నూరు శాతం నింపితే రీజెన్ బ్రేకింగ్ (మోటారే కారును నెమ్మదింపజేస్తూ బ్యాటరీని చార్జి చేసే ఏర్పాటు) పని చేయదు, లేదా నామమాత్రంగా పని చేస్తుంది. గీత దాటాక కారును ఆపే భారం మొత్తం మామూలు బ్రేకుల మీద పడుతుంది. రోజూ ఒంటి పెడల్‌తో నడపడానికి అలవాటుపడినవారికి, పెడల్ వదిలినా కారు నెమ్మదించకపోవడం ఆ వేగంలో కంగారు పుట్టిస్తుంది.

వాటర్ బాక్స్, స్టేజింగ్

మీ వంతు రాగానే ముందు కనబడేది నీళ్లు చల్లిన వాటర్ బాక్స్. అది డ్రాగ్ టైర్లను తిప్పి వేడి చేసుకునేవారి కోసం. రోడ్డు టైర్లకు గాళ్లు ఉంటాయి. ఆ గాళ్లలో నీరు చేరి ప్రారంభ గీత దాకా వస్తుంది, మీ పట్టూ పోతుంది, మీ తర్వాతివారి పట్టూ పోతుంది. అందుచేత ప్రారంభ గీత దగ్గర కార్లను పంపే స్టార్టర్ సైగ చూసి దాని పక్కనుంచి చుట్టి వెళ్లండి. చక్రాలను నిలిచిన చోటే తిప్పి వేడి చేసే బర్నౌట్ అక్కర్లేదు. టైర్లకు అంటిన ఇసుక, రాళ్లు రాలడానికి చిన్నగా ఒకసారి కదిలితే చాలు.

ఇక్కడ ఎలక్ట్రిక్ కారు నడిపేవారు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. మీ కారు శబ్దం చేయదు. అది కదలడానికి సిద్ధంగా ఉందో, ఆపేసి ఉందో బయటివారికి తెలియదు. ముందు నుంచి మనుషులు నడిచే ప్రతిచోటా కారును పార్క్‌లో పెట్టి, చేతులు స్టీరింగు మీద కనబడేలా ఉంచండి.

ప్రారంభ గీత దగ్గర బాటకు అడ్డంగా రెండు కాంతి కిరణాలు ఉంటాయి, వాటి మధ్య దూరం ఏడు అంగుళాలు. ముందు చక్రం మొదటి కిరణాన్ని అడ్డగించగానే ‘క్రిస్మస్ ట్రీ’ అనే దీపస్తంభం మీద ప్రీ-స్టేజ్ దీపం వెలుగుతుంది, రెండోదాన్ని అడ్డగించగానే స్టేజ్ దీపం వెలుగుతుంది. ప్రీ-స్టేజ్ వెలిగాక ఆగి, పక్క లేన్ కారు కూడా అక్కడికి వచ్చేదాకా నిరీక్షించడం మర్యాద. తర్వాత అంగుళం అంగుళం చొప్పున కదులుతూ, స్టేజ్ దీపం వెలిగిన క్షణంలోనే ఆగండి. దీన్ని షాలో స్టేజింగ్ అంటారు. ఒంటి పెడల్ విధానంలో అంత కొద్దిగా కదపడం కష్టం. మీ కారులో క్రీప్ మోడ్ (బ్రేకు వదలగానే కారు దానంతటదే మెల్లగా కదిలే విధానం) ఉంటే దాన్ని పెట్టుకుని, బ్రేకును కొద్దికొద్దిగా వదులుతూ ముందుకు పోవడం తేలిక. నిలిచిన చోటునుంచి గట్టిగా దూకడానికి లాంచ్ మోడ్ ఉన్న కారులో ఎడమ కాలితో బ్రేకు గట్టిగా నొక్కి, కుడి కాలితో యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి, బ్రేకు వదలడమే బయలుదేరే పద్ధతి. ఆ క్రమం తడబడకుండా ఉండాలంటే, మీ వంతు కోసం ఆగి ఉండగానే యజమాని పుస్తకంలోని సూచనలను మరోసారి చదవండి.

గడియారం మీ కారు కదిలినప్పుడు మొదలుకాదు. ముందు చక్రం స్టేజ్ కిరణాన్ని పూర్తిగా వదిలినప్పుడు మొదలవుతుంది. షాలోగా నిలిపిన కారు అందుకు దాదాపు ఒక అడుగు కదలాలి. గట్టిగా దూకే ఎలక్ట్రిక్ కారుకు ఆ అడుగు దాటడానికి పావు సెకను పైచిలుకు పడుతుంది.

ఈ లెక్కే దీపాలను ఎలా చదవాలో చెబుతుంది. ఔత్సాహికుల పోటీల్లో సాధారణంగా మూడు పసుపు దీపాలు అర సెకను తేడాతో ఒకదాని తర్వాత ఒకటి వెలిగి, చివరి పసుపు తర్వాత అర సెకనుకు పచ్చదీపం వస్తుంది. పచ్చదీపం చూసి కదిలితే ఆలస్యమవుతుంది కనుక అనుభవజ్ఞులు చివరి పసుపు వెలగగానే కదులుతారు. మనిషి స్పందనకు 0.20 సెకను, కారు అడుగు దాటడానికి 0.28 సెకను అనుకుంటే మొత్తం 0.48, అంటే పచ్చదీపం కంటే రెండు వందో వంతుల ముందు. ఎర్రదీపం వెలిగి పోటీ అక్కడే పోతుంది. పెట్రోలు కారులో ఇంజిను, గేరుబాక్సు స్పందించడానికి పట్టే ఆలస్యం ఆ తప్పును కప్పిపుచ్చుతుంది. ఎలక్ట్రిక్ కారు కప్పిపుచ్చదు. అందుకే వేగంగా దూకే కారున్నవారు చివరి పసుపు పూర్తి వెలుగుకు వచ్చాకే కదలడం అలవాటు చేసుకోవాలి. తొలి రోజు మాత్రం దీని గురించి బెంగ పెట్టుకోకండి. పచ్చదీపం చూసే బయలుదేరండి. రియాక్షన్ టైమ్, అంటే పచ్చదీపం వచ్చాక మీరు గీత వదలడానికి పట్టిన సమయం, ఎంత ఎక్కువైనా పరుగు సమయంలోకి అది చేరదు.

పరుగు, ఆగడం

నాలుగు చక్రాలకూ బలం అందే కారులో పెడల్ ఒక్కసారిగా చివరిదాకా నొక్కండి. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ మోటారు కరెంటును మన కాలి కంటే ఎన్నో రెట్లు త్వరగా సవరిస్తుంది. వెనుక చక్రాలకు మాత్రమే బలం అందే కారైతే, మొదటి రెండు మూడు కారు పొడవుల దూరం పెడల్‌ను కాస్త నిదానంగా నొక్కడం మంచిది. ట్రాక్షన్ కంట్రోల్ ఆపేయాలనే ఆలోచన తొలి సీజనులో పెట్టుకోవద్దు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉండాలి, చూపు స్పీడోమీటరు మీద కాకుండా బాట చివర ఉండాలి. కారు మీ లేన్ మధ్య నుంచి తప్పుతోందనిపిస్తే పెడల్ వదిలేయండి. మరో పరుగు ఎప్పుడైనా తీయవచ్చు.

గీత దాటాక పెడల్‌ను తటాలున వదిలితే రీజెన్ బలంగా పట్టి, కారు బరువు ఒక్కసారిగా ముందుకు వస్తుంది. కొద్దికొద్దిగా వదిలి, కారు తిన్నగా ఉందని నిర్ధారించుకుని, అప్పుడు బ్రేకు వేయండి. పక్క కారు ఎక్కడుందో చూడకుండా దాని ముందునుంచి మలుపు తిరగకూడదు. పరుగు మధ్యలో హై వోల్టేజి హెచ్చరిక వచ్చినా, పొగ కనబడినా గోడ పక్కకు చేర్చి ఆపి, కారు నుంచి దూరంగా వెళ్లి, ఇది ఎలక్ట్రిక్ కారని సిబ్బందికి అరిచి చెప్పండి. దెబ్బతిన్న కారులో నారింజ రంగు తీగలను ఎవరూ తాకకూడదు.

టైమ్ స్లిప్ చదవడం

తిరిగి వచ్చే దారిలో ఇచ్చే చిన్న కాగితం మీద 60, 330, 660, 1,000, 1,320 అడుగుల దగ్గరి సమయాలు, 660 దగ్గర, చివర వేగాలు ఉంటాయి. దీన్ని చూసి కారణం పట్టుకోవడం నేర్చుకుంటే ఈ క్రీడలోని ఆనందం సగం చేతికి వచ్చినట్టే.

ఉదాహరణకు మీ మంచి పరుగులో 60 అడుగులు 1.85, 660 అడుగులు 8.05, మొత్తం 12.65 సెకన్లు, చివరి వేగం గంటకు 172 కిలోమీటర్లు అనుకుందాం. తర్వాతి పరుగులో 60 అడుగులు 1.98కి పెరిగి, మొత్తం 12.80 వచ్చి, చివరి వేగం దాదాపు మారలేదంటే శక్తి తగ్గలేదు, టైర్లు జారాయి. అలా కాకుండా 60 అడుగులు అదే 1.85 ఉండి, 660 దగ్గర 8.10, మొత్తం 12.80, చివరి వేగం 169 వచ్చాయంటే టైర్ల తప్పేమీ లేదు. చార్జి తగ్గింది, లేదా మోటారు వేడెక్కి కంప్యూటరు శక్తిని కోసింది. మొదటిదానికి మందు గాలి ఒత్తిడి, పెడల్ నొక్కే తీరు; రెండోదానికి విశ్రాంతి లేదా చార్జర్. మొత్తం సమయం రెండింటిలోనూ ఒకటే కావడం వల్ల, చివరి అంకె ఒక్కటే చూసేవారు తప్పు మందు వేస్తారు.

ప్రతి స్లిప్ వెనుక చార్జి శాతం, బ్యాటరీ వేడి కనబడితే ఆ అంకె, టైరు గాలి, బయటి ఉష్ణోగ్రత, గత పరుగు తర్వాత గడిచిన సమయం రాసిపెట్టండి. ఇంటికి వెళ్లాక రాద్దామనుకుంటే గుర్తుండవు.

బ్రాకెట్ పోటీ

బ్రాకెట్ పోటీలో ప్రతివారూ తమ కారు ఎంత సమయంలో వెళుతుందో ముందే ప్రకటించి, ఆ అంకెను అద్దం మీద రాస్తారు. దీనినే డయల్-ఇన్ అంటారు. ఇద్దరి డయల్-ఇన్‌ల మధ్య ఎంత తేడా ఉంటే అంత ముందుగా నిదానమైన కారుకు పచ్చదీపం వస్తుంది. ప్రకటించినదానికంటే త్వరగా వెళితే బ్రేక్ అవుట్, అంటే ఓటమి. ఇద్దరూ అలా చేస్తే తక్కువగా మించినవారు గెలుస్తారు. మామూలు కారు కూడా భారీ యంత్రాన్ని న్యాయంగా ఓడించగలిగే ఈ పద్ధతి ఔత్సాహికులకు నిజంగా గొప్ప వరం.

ఎలక్ట్రిక్ కారుకు ఇక్కడ సహజమైన అనుకూలత ఉంది. సాధారణ పెట్రోలు ఇంజిను శక్తి గాలి సాంద్రతతో పాటు మారుతుంది కాబట్టి సాయంత్రం చల్లబడేకొద్దీ వారు డయల్-ఇన్ సవరించుకుంటూ ఉండాలి. మోటారుకు పీల్చే గాలితో పని లేదు. మీ సమయంలో వచ్చే మార్పు చాలావరకు చార్జి శాతం వల్లే, ఆ శాతం మీ కళ్ల ముందే అంకెగా కనబడుతుంది. మీ నోటు పుస్తకంలో 90 శాతం దగ్గర సమయం, 80 దగ్గర, 70 దగ్గర సమయం ఉంటే, వాటి మధ్య ఏ శాతానికైనా డయల్-ఇన్ అంచనా కట్టవచ్చు. గంటకు 170 కిలోమీటర్ల వేగంలో సెకనులో వందో వంతు అంటే అర మీటరు లోపే. గీత దగ్గర పోటీలు అంత తేడాతోనే తేలుతుంటాయి.

రౌండ్లు ముందుకు సాగేకొద్దీ పరుగుల మధ్య విరామం తగ్గిపోతుంది, వేడి ఇక్కడే దెబ్బతీస్తుంది. గెలిచి తిరిగి రాగానే కారును నీడలో నిలిపి, శీతలీకరణ పంపులు నడుస్తూ ఉండేలా ఆన్‌లోనే ఉంచండి. ఫైనల్‌కు ఐదు నిమిషాలే దొరికితే, పాత డయల్-ఇన్‌కు వందో వంతులు కొన్ని కలిపి రాయడం, విశ్రాంతి దొరికిన కారు మీద వేసిన అంచనాను పట్టుకుని కూర్చోవడం కంటే తెలివైన పని.

ఇంటికి బయలుదేరే ముందు టైర్లలో గాలి మళ్లీ కంపెనీ చెప్పినంతకు నింపి, లాంచ్ మోడ్, స్ట్రిప్ మోడ్ తీసేసి, స్ట్రిప్ మీది జిగురు రబ్బరు టైర్లకు అంటుకుందేమో చూసి, నట్ల బిగువు మరోసారి సరిచూసుకోండి. బ్రేకులు వేడిగా ఉంటే, అవి చల్లారేదాకా కారును పార్క్‌లో ఉంచి ఆగి, ఆ తర్వాతే రోడ్డెక్కండి.